క్యూ ఫైలు గారి దివ్యసముఖానికి

ఆట డిస్కులోని ఏ ట్రాకు ఏ ఫైలులో ఉందో పేర్లతో సహా చెప్పే చిట్టా అయిన మహారాజశ్రీ క్యూ ఫైలు గారికి పర్లాకిమిడి నుంచి ఒక పాత ప్లేస్టేషన్ అభిమాని నమస్కరించి చేసుకునే విన్నపం. ఆదివారం మధ్యాహ్నం భోజనం ముగించింది మొదలు దీపాలు పెట్టే వేళ దాకా తమరి సేవలోనే గడిపాను గనుక, ఈ నాలుగు మాటలు అనే హక్కు నాకు వచ్చిందనుకుంటున్నాను.

బరంపురంలోని పాత కంప్యూటరును తూకానికి అమ్మేముందు, నా సొంత డిస్కుల నుంచి తీసి దాచుకున్న ఆటలను పెన్ డ్రైవులో ఎక్కించి తెమ్మని మా మేనల్లుడికి చెప్పాను. కార్ల పందెం ఆటకు చెందిన 12 బిన్ ఫైళ్ళను (డిస్కులోని సరుకంతా ఉండేది వీటిలోనే), అంటే ఒక ఆట ట్రాకును, 11 పాటల ట్రాకులను వాడు భద్రంగా తెచ్చి, తమరిని మాత్రం వదిలేశాడు. “రెండు కేబీలే ఉంది మావయ్యా, చెత్తేమో అనుకున్నాను” అన్నాడు. పెళ్ళివారంతా విడిదిలో దిగాక లగ్నపత్రిక లేదని పీటల మీద పెళ్ళి ఆగినట్టయింది. అసలు డిస్కేమో గీతలు పడి ఏనాడో పోయింది.

చివరికి నా పాత మెయిలులో తమరి నకలు దొరికింది. అయినా పాత ఆటలను కంప్యూటరులో ఆడించే ఎమ్యులేటరు ప్రోగ్రాము “ఫైలు లేదు” అంది. వరుస అందంగా కుదరాలని మావాడు ‘ట్రాక్ 2’ను ‘ట్రాక్ 02’గా మార్చాడట. అదీ నేరం! మా ఊరిని మేము పర్లాకిమిడి అంటాము, ఒడియావారు పారళాఖేముండి అంటారు, కవరు మీద ఎవరు ఎలా రాసినా పోస్టుమాన్ గారు ఉత్తరం గుమ్మంలోకి తెచ్చి ఇస్తారు. సీడీలు రాసే సీడీఆర్‌విన్ ప్రోగ్రాము కోసం పుట్టి ఇన్నేళ్ళు బతికిన తమరికి, ఎదురుగా కూర్చున్న బిన్ ఫైలును ఒక్క సున్నా తేడాతో పోల్చుకోవడం చేతకాలేదా?

తమరి బంధువులూ తక్కువవారు కారు. మరో రకం డిస్కు నకలైన ఐఎస్ఓ ఫైలు గారు డిస్కులో సెక్టారనే ఒక్కో గడిలోని 2,352 బైట్లలో 2,048 మాత్రం పుచ్చుకుని, పాటల ట్రాకులను గుమ్మం బయటే నిలబెడతారు. నింటెండో వారి వీ (Wii) ఆట డిస్కు 4.7 జీబీ, పెన్ డ్రైవుల్లో వాడే ఫ్యాట్ 32 పద్ధతిలో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు గనుక, ఆ ఆటలను దాచే డబ్ల్యూబీఎఫ్ఎస్ ఫైలు గారు ముక్కలై దర్శనమిస్తారు. వారి సంగతి మరోసారి.

ట్రాకులన్నీ ఒకే ఫైలులో ఇముడుతాయి గదా అని, నీ పీడ వదిలించుకోవడానికి సీహెచ్‌డీ అనే కుదించిన రకం ఫైలుగా మార్చబోయాను. ఆ మార్చే ప్రోగ్రాముకు ఇవ్వాల్సిన ఫైలు ఏదో తెలుసా? నువ్వే! నిన్ను వదిలించుకోవాలన్నా నీ కాళ్ళే పట్టుకోవాలన్నమాట. వందల ఎంబీల ఆటను గుప్పిట్లో పెట్టుకుని, రెండు కేబీలుండి, ఏమిటయ్యా నీ మిడిసిపాటు?

నోట్‌ప్యాడులో నిన్ను తెరిచి తొమ్మిది చోట్ల తొమ్మిది సున్నాలు చేర్చాను. పదో ట్రాకు నుంచి ఆ అవసరం రాలేదు, అదొక్కటే నీ దయ. ఆట తెరుచుకుంది. రెండో ట్రాకు పాట మోగగానే వంటింట్లోంచి మా ఆవిడ “ఇంకా ఉందా ఈ పాట!” అంది.

నిన్ను మూడు పెన్ డ్రైవుల్లో దాచాను. అది చాలదనిపించి, పాల లెక్కల పుస్తకం చివరి పేజీలో మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా చేత్తో రాసుకున్నాను, సున్నాలతో సహా.