నిజరూప దర్శనం, రోజుకు నాలుగుసార్లు

సింహాద్రి అప్పన్న ఏడాదికి ఒక్క రోజు, వైశాఖ శుద్ధ తదియ నాడు మాత్రమే చందనం వొలిపించుకుని నిజరూప దర్శనం ఇస్తాడు. మిగతా రోజుల్లో ఎంతటివాడొచ్చినా చందనానికే దణ్ణం పెట్టుకుని కొండ దిగాలి. దేవుడు కనక చెల్లింది. మా అమ్మ అరికాలికి అంత పలుకుబడి లేదు. రోజుకు నాలుగుసార్లు కట్టు విప్పుకుని భక్తులకు దర్శనం ఇచ్చుకోవాల్సిందే.

అసలు ఈ పుండు కూడా అప్పన్న దగ్గర మొదలైందే. ఆషాఢంలో గిరి ప్రదక్షిణకి బయల్దేరింది మా అమ్మ. కొండ చుట్టూ 32 కిలోమీటర్లు, వొట్టి కాళ్ళతో. షుగరు పదిహేనేళ్ళ నుంచీ ఉంది, పాదాల్లో స్పర్శ సగం పోయింది. బొబ్బ లేచినట్టు తెలీదు, చితికినట్టూ తెలీదు. మర్నాడు గచ్చు మీద తడి అడుగులు చూసి, కాళ్ళు కడుక్కుని వచ్చింది కాబోలనుకున్నాం. తుడవబోతే జిగురుగా ఉంది. రసి.

సర్జను గారు చచ్చిన చర్మమంతా కత్తిరించి శుభ్రం చేసి, ఫోమ్ డ్రెస్సింగ్ రాశారు. అరచెయ్యంత మెత్తటి పలక. కారే రసిని పీల్చి తన పొట్టలో దాచుకుంటుంది, పుండుని మాత్రం ఎండిపోనివ్వదు. గాజు గుడ్డలా పుండుకి కరుచుకుపోయి, ఊడదీసేటప్పుడు కొత్త చర్మాన్ని పీక్కురాదు. ఒక్కో పలక 480 రూపాయలు. "మూడు రోజుల దాకా ముట్టుకోకండి. మరక అంచు దాకా పాకితే ముందే మార్చండి. వాసనొచ్చినా, చుట్టూ ఎర్రబడినా, నల్లబడినా, జ్వరం తగిలినా ఆలోచించకుండా వచ్చెయ్యండి. ఆ కాలి మీద బరువు వెయ్యనివ్వకండి" అన్నారు. చుట్టాల సంగతి ఒక్క ముక్క చెప్పలేదు. ఇన్నేళ్ళ వైద్యవిద్యలో ఈ పాఠం ఒక్కటీ ఎలా వదిలేశారో తెలీదు.

మన దేశంలో రోగిని పరామర్శించడమంటే రోగాన్ని కళ్ళారా చూడటం. గుండెపోటు వాడిది అదృష్టం, గుండె విప్పి చూపించమని ఎవరూ అడగరు. పుండు వాడికి ఆ సౌకర్యం లేదు. కట్టు చూసి వెళ్ళిపోతే పరామర్శ పూర్తయినట్టు కాదు, ఆటో డబ్బులు గిట్టుబాటు కావు.

పోయిన ఆదివారం చూడండి. అనకాపల్లి నుంచి పిన్ని దిగింది. షుగరు మనిషిని చూడ్డానికి వస్తూ చేత్తో బెల్లం దిమ్మ తెచ్చింది. చెప్పులింకా పూర్తిగా విడవలేదు, "ఏదక్కా, ఓపాలి ఇప్పు, సూద్దాం" అంది. నిన్ననే మార్చాం పిన్నీ, ఎల్లుండి దాకా విప్పకూడదన్నాను. నన్నసలు మనిషి కిందే లెక్కెయ్యలేదు. ఈలోగా పోర్టులో పనిచేసి రిటైరైన మావయ్య, ఆయన వెనక అత్తయ్య, ఎదురింటావిడ, ఆవిడ వెనక గిన్నెలో పకోడీలు వచ్చాయి. నేను మంచినీళ్ళకని వంటింట్లోకి వెళ్ళి తిరిగొచ్చేసరికి పాదం పీట మీద ఉంది, ఫోమ్ పలక పిన్ని చేతిలో ఉంది.

"ఏటిదీ, గిన్నెలు తోముకునే ఇస్పాంజా?" అని వేళ్ళతో నొక్కి చూస్తోంది. పుండుకి ఆనాల్సిన వైపే.

మావయ్య ఫోన్లో టార్చి వేశారు. లోతు కొలవడానికి అత్తయ్య వేలు చూపించింది, ఆ వేలు పుండుకి అంగుళం దూరంలో ఆగింది, సింహాద్రి అప్పన్న మా ఇంట్లో ఉన్నాడనడానికి అదే రుజువు. "తడిగా ఉందేవిటి, మగ్గిపోదూ! గాలి తగలాలి" అన్నారు మావయ్య. అంతే, టేబుల్ ఫ్యాన్ వచ్చింది. పుండుకి ఎదురుగా పెట్టి మూడో నంబరు మీద తిప్పారు. రెక్కల మీద ఏడాది దుమ్ము ఏకంగా ఎగిరింది. పకోడీల మీద పడుతుందని ఎదురింటావిడ గిన్నె మీద మూత పెట్టింది. పుండు మీద మూత పెట్టాలని ఎవరికీ తోచలేదు. ఈ లోపల న్యూజెర్సీ నుంచి మావయ్య కొడుకు వీడియో కాల్. "నాన్నా, కాస్త కిందకి. కనబడట్లా. వెలుతురు ఇటు" అని దర్శకత్వం మొదలుపెట్టాడు. వాడు చదివింది సివిల్ ఇంజనీరింగు. చూసి, "ఎండిపోనివ్వండి, పక్కు కట్టేస్తుంది" అని తీర్పు చెప్పాడు. పక్కు కట్టించడానికి మావయ్య దగ్గర మందు కూడా ఉందట, సీసాలో, పోస్తే బుసబుసా నురగొస్తుంది. నురగ వస్తే పనిచేస్తున్నట్టు. ఆ నురగ క్రిములతోపాటు కొత్తగా పుట్టే కణాలనీ కాల్చేస్తుందని చెప్పబోయాను. పకోడీ నమిలే చప్పుట్లో వినబడలేదు.

ఎండబెట్టాలా, తడిగా ఉంచాలా అన్న తగువు 1962లోనే తేలిపోయింది. జార్జ్ వింటర్ అనే ఆయన పందుల చర్మం మీద చిన్న చిన్న గాట్లు పెట్టి, కొన్నిటిని గాలికి వదిలేసి, కొన్నిటి మీద పల్చటి ప్లాస్టిక్ పొర కప్పాడు. కప్పినవాటి మీద కొత్త చర్మం ఇంచుమించు రెండింతల వేగంగా పరుచుకుంది. పక్కు కడితే కొత్త చర్మం దాని కిందనుంచి దారి తవ్వుకుంటూ పాకాలి మరి. ఆ ప్రయోగం అంత బాగా కుదరడానికి నాకు తోచిన కారణం ఒక్కటే. ఆ పందులకు చుట్టాలు లేరు.

పీల్చుకునే కట్టు కూడా నిన్న మొన్నటి వింత కాదు. 1880లో బర్మింగ్‌హామ్ సర్జను సాంప్సన్ గాంజీ రెండు గాజు గుడ్డ పొరల మధ్య దూది పరిచి మెత్తలా చేశాడు. మన నర్సులు ఈనాటికీ గాంజీ ప్యాడ్ అంటారు. ఆ మాట చెబితే పిన్ని, "గంజి పోత్తారా పుండుకి? నానేటో అనుకున్నాను, మంచిదే" అంది. ఆవిడ నాతో ఏకీభవించింది ఆ ఒక్కసారే.

దేశంలో షుగరున్నవాళ్ళు 10 కోట్ల పైమాటేనని 2023లో ఐసీఎంఆర్ సర్వే తేల్చింది. అంటే 20 కోట్ల అరికాళ్ళు. చుట్టాలకు చేతినిండా పని.

వెళ్తూ వెళ్తూ మావయ్య నా భుజం తట్టి, "నొప్పి లేదంటోందిగా, ఇంకేం భయం లేదురా" అన్నారు.

ఇక్కడ నాకు నవ్వు రాదు. ఈ మాట ఇదే ఇంట్లో ఇరవై ఏళ్ళ కిందట విన్నాను. మా నాన్న బొటనవేలు చుట్టూ ఇలాగే కూర్చుని, నొప్పి లేదంటే మానుతున్నట్టే అన్నారు. షుగరు నరాల్ని తినేస్తే నొప్పి తెలీదయ్యా! మంట అంటుకున్న ఇంట్లో గంట మోగకపోతే మంట లేదనా? వేలుతో మొదలై మోకాలి కింద దాకా తీశారు. తీశాక చూడ్డానికీ వచ్చారు, బత్తాయిలు పట్టుకుని. పైగా ఇప్పుడు అమ్మకి ఈ పప్పు గొడవొకటి! పప్పు తింటే చీము పడుతుందని ఎవరో చెవిలో వేస్తే మా అమ్మ పది రోజులుగా వొట్టి చారన్నం తింటోందని నిన్న తెలిసింది నాకు. గుడ్డు పక్కింటి పిల్లాడికి ఇచ్చేస్తోంది. కండ పట్టడానికి కావలసింది ఆ మాంసకృత్తులే, కారే రసిలో పోయేవీ అవే. నేను ఆఫీసులో ఉంటే మనిషిని కడుపు మాడుస్తారా? ఎద్దు పుండు కాకికి నొప్పా అని ఊరికే అన్నారా!

అమ్మనీ అడిగాను, ఎందుకు చాపుతావు కాలు అని. "అంత దూరం నుంచి వచ్చారు, కాదంటే ఏమనుకుంటారురా" అంది.

ఆదివారం ఊడదీసిన పలక చెత్తబుట్టలోకి పోయింది, కొత్తది వేశాను. సోమవారం గేటుకి అట్ట రాసి కట్టాను: "కట్టు మార్చేది గురువారం పొద్దున్న ఏడింటికి. ఈలోపు విప్పబడదు."

మధ్యాహ్నం పిన్ని ఫోన్ చేసింది. ఎదురింటావిడ ఆ అట్ట ఫోటో తీసి పంపిందట. కోపమొచ్చిందేమో అనుకున్నాను.

"మంచి పని సేసావు బాబూ," అంది. "నాను బుధవారం రాత్రికే వచ్చి పడుకుంటాను. మీ మావయ్యోళ్ళకి కూడా సెప్పాను."