జ్వరం సూదిగా మారిన సెఫ్ట్రియాక్సోన్

పోయిన వానాకాలం మా మేనత్తకు జ్వరమొచ్చింది. నేను ఊరికి వెళ్లేసరికి వైద్యం రెండో రోజులో ఉంది. కిటికీ ఊచకు గుడ్డ పీలికతో కట్టిన సెలైన్ సీసా, స్టూలు మీద నిన్నటి ఖాళీ వయల్. ఆర్‌ఎంపీ ఇంకో వయల్ తీసి, తెల్లటి పొడిలోకి నీళ్లు ఎక్కించి, అరచేతుల మధ్య తిప్పుతుంటే పొడి కరిగి లేత పసుపు రంగుకు వచ్చింది. లేబుల్ చూశాను. సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్, 1 గ్రాము. ఇంతకుముందు ఏ మందైనా పడలేదా అని అత్తను ఎవరూ అడగలేదు. ఆ వెంటనే నొప్పినీ జ్వరాన్నీ తగ్గించే డైక్లోఫెనాక్, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ కూడా ఎక్కించాడు. “సూది ఏస్తెనే జరం దిగుతది బిడ్డా” అంది అత్త. సాయంత్రానికి దిగింది కూడా.

అందరినీ నమ్మిస్తున్నది ఆ దిగడమే. జ్వరాన్ని దించింది డైక్లోఫెనాక్, డెక్సా. వైరల్ జ్వరమైతే నాలుగైదు రోజులకు దానంతటదే పోయేది. పేరు మాత్రం యాంటీబయాటిక్ కొట్టేస్తుంది. నిజంగా టైఫాయిడే అయితే, సరైన మందు పడ్డాక కూడా జ్వరం దిగడానికి నాలుగైదు రోజులు పడుతుంది, కోర్సు 10 నుంచి 14 రోజులు నడవాలి. ఊళ్లలో నడిచేది మూడు రోజులు, మూడు సూదులు. దానికి ఆధారం ‘టైఫాయిడ్ పాయింట్లు’ ఎక్కువున్నాయని చెప్పే వైడాల్ అనే రక్తపరీక్ష చీటీ. ఎప్పుడో వచ్చిపోయిన ఇన్ఫెక్షన్‌కు కూడా ఆ పాయింట్లు కనిపిస్తాయి. ఖాయంగా తేల్చేది రక్తంలోని క్రిమిని పెంచి చూసే బ్లడ్ కల్చర్, అదీ మొదటి డోసుకు ముందు తీస్తే.

ఆర్‌ఎంపీల మీద తెలంగాణ మెడికల్ కౌన్సిల్ తనిఖీలు, వాళ్ల సంఘాల ఆందోళనలు పాఠకులు చదువుతున్నవే. నా ఆవేదన ఆ వయల్ గురించి. సెఫ్ట్రియాక్సోన్ 1980ల మొదట్లో వచ్చిన అద్భుతమైన మందు. మెదడు పొరలకు సోకిన మెనింజైటిస్, ఇన్ఫెక్షన్ ఒళ్లంతా దెబ్బతీసే సెప్సిస్, ఆసుపత్రిలో చేర్చాల్సినంత న్యుమోనియా, ముదిరిన టైఫాయిడ్ లాంటివాటిలో ప్రాణం నిలబెడుతుంది. సెప్సిస్ అనుమానం బలంగా ఉంటే గంటలోపే పడాలి, అక్కడ ఆలస్యం చేయడమే తప్పు. డబ్ల్యూహెచ్‌ఓ 2017లో యాంటీబయాటిక్‌లను యాక్సెస్, వాచ్, రిజర్వ్ అని మూడు గుంపులు చేసినప్పుడు దీన్ని, క్రిములు లొంగకుండా పోయే ముప్పు ఎక్కువ కాబట్టి ఆచితూచి వాడాల్సిన ‘వాచ్’లో పెట్టింది. మన దేశంలో 2014 నుంచి ఇది షెడ్యూల్ హెచ్1 మందు. అమ్మిన ప్రతిసారీ డాక్టర్ పేరు, రోగి పేరు రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. అత్తకు ఎక్కిన వయల్స్ ఏ డాక్టర్ చీటీ మీద షాపు దాటాయి?

ఇంటి మంచం మీద ఎక్కించే మందు కాదిది. అరుదుగానైనా రియాక్షన్ వస్తే నిమిషాల్లో గొంతు వాచి, బీపీ పడిపోతుంది. అప్పుడు తొడ కండరంలోకి అడ్రినలిన్ పడాలి. చర్మం కింద చుక్క వేసి చూసే ‘టెస్ట్ డోస్’ లేనిపోని ధీమా ఇస్తుందే తప్ప, అలర్జీ ఉందా అని అడగడానికీ, పక్కన అడ్రినలిన్ పెట్టుకోవడానికీ, ఇచ్చాక కాసేపు కూర్చుని చూడడానికీ బదులు కాదు. కాల్షియం ఉండే రింగర్ లాక్టేట్ సీసాలో దీన్ని కలిపితే రేణువులు కడతాయి. నెలలోపు పసికందుల్లో ఇలాంటి కలయిక ప్రాణాలు తీసింది. కామెర్లున్న పసిబిడ్డకైతే ఈ మందే పనికిరాదు.

‘అర్ధరాత్రి పిల్లాడికి ఫిట్స్ వస్తే పీహెచ్‌సీలో ఎవరుంటారు? ఆ ఆర్‌ఎంపీయే దిక్కు కదా’ అంటారు. నిజమే. మందు అందక పోతున్న ప్రాణాలు కూడా తక్కువేమీ కాదు. కానీ ఆ పిల్లాడికి రేపు పనిచేయాల్సిన మందునే ఇవాళ జలుబు జ్వరాల మీద ఖర్చు పెట్టేస్తున్నాం.

ఎలాగంటారా? ఈ మందులో దాదాపు సగం పిత్తంతో పాటు పేగుల్లోకి దిగుతుంది. అక్కడ కోట్లకొద్దీ ఈ-కోలై అనే బ్యాక్టీరియా ఉంటుంది. లొంగేవి చచ్చిపోతాయి, లొంగనివి పెరుగుతాయి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నివేదికల ప్రకారం పెద్దాసుపత్రుల్లో దొరికే ఈ-కోలైలో సగానికి పైగా ఇప్పటికే సెఫ్ట్రియాక్సోన్ తరం మందులకు లొంగడం లేదు. ఆ లొంగనితనాన్ని బ్యాక్టీరియా ఇరుగుపొరుగుకు కూడా ఇస్తుంది. 2016 చివర్లో పాకిస్తాన్‌ సింధ్‌లోని హైదరాబాద్‌లో అదే జరిగింది. సెఫ్ట్రియాక్సోన్‌కు లొంగని టైఫాయిడ్ విరుచుకుపడింది. ఆ టైఫాయిడ్ క్రిమిలో దొరికిన ప్లాస్మిడ్ (ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి వెళ్లగలిగే చిన్న జన్యు ముక్క) లాంటిదే ఈ-కోలైలోనూ ఉందని శాస్త్రవేత్తలు జన్యుపరీక్షల్లో చూశారు. అక్కడి డాక్టర్ల చేతిలో మిగిలినవి అజిత్రోమైసిన్, మెరోపెనెమ్ లాంటి ఒకటి రెండు మందులే. మన దగ్గర టైఫాయిడ్ ఇంకా చాలావరకు సెఫ్ట్రియాక్సోన్‌కు లొంగుతోంది. ఒకప్పుడు సిప్రోఫ్లాక్సాసిన్‌కూ ఇలాగే లొంగేది.

ఆ హైదరాబాద్‌లో రోగం పాకింది తాగునీటిలో మురుగు కలవడం వల్ల. మా అత్త వాళ్ల వీధిలో నల్లా పైపు మురికి కాల్వలోంచే పోతుంది. నీళ్లు వదిలిన మొదటి పది నిమిషాలు బురద రంగులో వస్తాయి, ఆడవాళ్లు బిందెలు పక్కన పెట్టి తేటపడేదాకా నిలబడతారు. ఆ పైపు మార్చడం ఎవరికీ పట్టలేదు కానీ, ఆ వీధిలో ఏ ఇంట్లో చూసినా సెలైన్ సీసా కట్టిన మేకు ఉంటుంది. ఇంటింటికీ సూదుల మీద పోసే డబ్బు కలిపితే ఆ పైపు ఎప్పుడో పక్కకు జరిగేది. యాంటీబయాటిక్‌ల మీద మన చర్చంతా ఆసుపత్రి గోడల మధ్యే తిరగడం నాకు బాధగా ఉంటుంది. టైఫాయిడ్ తగ్గిన ఊళ్లో సెఫ్ట్రియాక్సోన్ అవసరమే తగ్గుతుంది. ఆ పని పంచాయతీ కార్యాలయంలో మొదలవ్వాలి.

ఇంకోటి కూడా చెప్పాలి. 2019 నవంబరులో సింధ్ పట్టణాల్లో 9 నెలల నుంచి 15 ఏళ్ల దాకా పిల్లలకు ఉచితంగా టైఫాయిడ్ టీకా వేశారు. ఆ తర్వాత పాకిస్తాన్ దాన్ని మామూలు టీకాల పట్టికలోనే చేర్చింది, ప్రపంచంలో అలా చేసిన మొదటి దేశం అదే. ఆ టీకా తయారైంది మన హైదరాబాద్‌లో, భారత్ బయోటెక్‌లో. మా అత్త మనవడికి అదే టైఫాయిడ్ టీకా వేయించాలంటే మాత్రం ప్రైవేటు క్లినిక్‌లో డబ్బు కట్టాలి.