ఆ మీట ఎంత దూరం నొక్కాలో ఎవరు చెప్పాలి?

ఆసుపత్రిలో స్ట్రోక్ అనే మాట వినపడితే మనకు పక్షవాతమే గుర్తొస్తుంది. ఇక్కడ ఆ మాటకు అర్థం వేరు. సైకిలు పంపు పిడి పైనుంచి కిందికి ఎంత దూరం దిగుతుందో అది దాని స్ట్రోక్. పేగును, పొట్టను, ఊపిరితిత్తిని కోసి అతికే సర్జికల్ స్టేప్లర్‌లోనూ అలాంటి కదలికే ఉంది. సర్జన్ మీట నొక్కితే లోపల ఒక కడ్డీ ముందుకు జరిగి, కార్ట్రిడ్జ్‌లో వరుసగా పేర్చిన టైటానియం పిన్నులను కణజాలంలోకి తోస్తుంది. అవతలి దవడ మీద ఉన్న చిన్న గుంటలు కమ్మరి దాగలిలాగా ఎదురు నిలిచి పిన్నుల కొసలను లోపలికి వంచుతాయి. పిన్ను ఇంగ్లిషు 'బి' అక్షరంలా ముడుచుకుంటే పని సరిగా జరిగినట్టు. కడ్డీతో పాటే కదిలే కత్తి, రెండు వైపులా పడిన పిన్నుల వరుసల నడుమ కోసుకుంటూ పోతుంది.

ఆ కడ్డీ ఎంత దూరం జరగాలి, దవడలు ఎంత దగ్గరకు రావాలి, మీట ఎంత లోపలికి దిగాలి అనేవి చాలాకాలం పాటు ఎక్కువ పరికరాల్లో ఫ్యాక్టరీలోనే తేలిపోయేవి. ఈ నిడివిని అవసరాన్ని బట్టి మార్చుకోగలిగే స్టేప్లర్ల మీద ఇప్పుడు పెద్ద కంపెనీలు పేటెంట్ల మీద పేటెంట్లు తీసుకుంటున్నాయి. ఇదేదో కొత్త వింత అన్నట్టు ప్రచారం చేస్తున్నాయి గానీ, నా దృష్టిలో ఇది చాలా ఆలస్యంగా మొదలైన దిద్దుబాటు. వీధి చివర దర్జీ దగ్గరున్న కుట్టుమిషనుకు కూడా కుట్టు నిడివి మార్చే మీట ఉంటుంది. మల్లు గుడ్డకు ఒక కుట్టు, జీన్సు గుడ్డకు ఒక కుట్టు. మనిషి పేగుకు ఆ పాటి వెసులుబాటు దొరకడానికి ఎందుకింత కాలం పట్టిందన్నది అడగాల్సిన ప్రశ్న.

జవాబులో సగం చరిత్రలో ఉంది. 1908లో బుడాపెస్ట్‌లో హుమేర్ హుల్ట్‌ల్ అనే సర్జన్, విక్టర్ ఫిషర్ అనే పరికరాల తయారీదారుతో కలిసి తొలి స్టేప్లర్ చేయించాడు. దాదాపు మూడున్నర కిలోల బరువు. భాగాలన్నీ అమర్చడానికే రెండు గంటలు పట్టేదట. 1920ల తొలినాళ్లలో అదే దేశానికి చెందిన అలదార్ పెట్జ్ దాన్ని తేలిక చేశాడు. 1934లో జర్మనీలోని ఉల్మ్‌కు చెందిన ఫ్రెడ్రిష్, పిన్నులు ముందే నింపిన కార్ట్రిడ్జ్‌ను తీసి మరొకటి పెట్టుకునే పద్ధతి తెచ్చాడు. తర్వాతి పెద్ద అడుగు సోవియట్ యూనియన్‌లో పడింది. శస్త్రచికిత్స పరికరాల కోసమే మాస్కోలో ఒక పరిశోధన సంస్థ పెట్టి రకరకాల స్టేప్లర్లు తయారుచేశారు. 1958లో ఆ దేశం వెళ్లిన అమెరికా సర్జన్ మార్క్ రావిచ్ ఒకటి కొనుక్కుని ఇంటికి తీసుకెళ్లాడు. కొన్నేళ్లకు లియాన్ హిర్ష్ అనే వ్యాపారి ఆ ఆలోచన పట్టుకుని యునైటెడ్ స్టేట్స్ సర్జికల్ కార్పొరేషన్ స్థాపించాడు. చేతులు మారి మారి ఆ వారసత్వం ఇప్పుడు మెడ్‌ట్రానిక్ దగ్గరుంది. దానికి ప్రధాన పోటీ జాన్సన్ అండ్ జాన్సన్‌కు చెందిన ఎథికాన్.

హిర్ష్ అసలు ప్రతిభ కార్ట్రిడ్జ్‌ను సరుకుగా మార్చడంలో ఉంది. ప్రింటరు ఒక్కసారే అమ్ముడుపోతుంది, సిరా డబ్బా పదేపదే అమ్ముడుపోతుంది కదా, ఆ లెక్కే. ఆ లెక్కలో మందం ఎంపిక పరికరం చేతిలోంచి కార్ట్రిడ్జ్ రంగులోకి వెళ్లిపోయింది. తెలుపు రంగు కార్ట్రిడ్జ్ పిన్ను విప్పి ఉన్నప్పుడు ఎత్తు 2.5 మిల్లీమీటర్లు, మూసుకున్నాక 1. నీలం 3.5 నుంచి 1.5కు. ఆకుపచ్చ కంపెనీని బట్టి 4.1 లేదా 4.8 నుంచి 2కు. పల్చటి రక్తనాళానికి తెలుపు, మామూలు పేగుకు నీలం, మందమైన పొట్ట గోడకు ఆకుపచ్చ. ఊబకాయం తగ్గించే స్లీవ్ ఆపరేషనులో పొట్ట కింది భాగం మందంగా, పైకి పోయేకొద్దీ పల్చగా ఉంటుంది కాబట్టి ఒకే ఆపరేషనులో రెండు మూడు రంగులు వాడతారు. ఒక్కోటీ వేల రూపాయలు.

రంగు తప్పితే ఏమవుతుంది? పిన్ను పొట్టిదైతే మందమైన గోడను పూర్తిగా పట్టుకోలేదు, అతుకు దగ్గర లీకవుతుంది. పొడుగుదైతే పల్చటి గోడను వదులుగా పట్టుకుని రక్తం కారనిస్తుంది. మరీ గట్టిగా నొక్కితే రక్తప్రసరణ ఆగి ఆ అంచు కుళ్లుతుంది. పెద్దపేగు అతుకు లీకైతే మలం కడుపులో పేగుల చుట్టూ ఉండే ఖాళీలోకి చేరుతుంది. ఆ రోగి ఐసీయూలో గడిపే రోజులు ఎలా ఉంటాయో చూసినవాళ్లకు అర మిల్లీమీటరు విలువ తెలుస్తుంది.

పైగా కణజాలం చెక్క ముక్కలా ఉండదు. దవడల మధ్య నొక్కి పట్టుకుంటే అందులోని నీరు మెల్లగా పక్కకు జరిగి పల్చబడుతుంది. అందుకే మూశాక పదిహేను సెకన్లు ఆగి అప్పుడు పిన్నులు కొట్టమని సర్జన్లకు నేర్పుతారు. అదే పేగు వాచి ఉంటే ఒకలా, రేడియేషన్ తీసుకున్నాక గట్టిపడి ఉంటే ఇంకోలా ప్రవర్తిస్తుంది. నాలుగైదు రంగుల్లో ఇదంతా ఇమిడిపోతుందనుకోవడం కంపెనీల సౌకర్యం కోసం చేసుకున్న సర్దుబాటే. అలాగని స్ట్రోక్ మారితే రంగులు అక్కర్లేదని కాదు. పొడవాటి కాళ్ల పిన్నును మరీ పొట్టిగా నలిపితే అది 'బి'లా కాక వంకరటింకరగా ముడుచుకుంటుంది. కాబట్టి ప్రతి రంగుకూ కొంత హద్దు ఉంటుంది, ఆ హద్దులో సర్దుకునే వీలే కావాల్సింది. నాలుగు కార్ట్రిడ్జుల పని మూడింటితో అయ్యే పరికరాన్ని కార్ట్రిడ్జ్‌లు అమ్ముకునే కంపెనీ ఎంత ఉత్సాహంగా మార్కెట్‌లోకి తెస్తుందన్నది నాకున్న అనుమానం.

ఈ వెసులుబాటు ముందునుంచీ కొంత ఉన్న పరికరం ఒకటుంది. మలాశయానికి దగ్గర పేగును గుండ్రంగా అతికే సర్క్యులర్ స్టేప్లర్. దాని వెనక మరను తిప్పుతూ రెండు భాగాల మధ్య ఎడాన్ని సర్జనే నిర్ణయిస్తాడు. కిటికీలో ముల్లు ఆకుపచ్చ గీతల మధ్యకు వచ్చాక మీట నొక్కాలి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఎడం మారినప్పుడల్లా పిన్నులను తోసే కడ్డీ, కత్తి ఎక్కడ ఆగాలన్నదీ దానికి తగ్గట్టు ఉండాలి. చివరన కత్తి అవతలి భాగంలోని ప్లాస్టిక్ రింగును తెంపితే టప్పుమనే శబ్దం వస్తుంది. స్ట్రోక్ పూర్తయిందని సర్జన్ చెవికీ చేతికీ తెలిసే గుర్తు అదే.

ఆ చివరి కొద్దిపాటి కదలిక తక్కువైతే ఏమవుతుందో 2019లో ప్రపంచం చూసింది. ఎథికాన్ సర్క్యులర్ స్టేప్లర్లలో కొన్ని పిన్నులను పూర్తిగా కొట్టడం లేదని, అవి పూర్తిగా వంగడం లేదని తేలి 92 వేలకు పైగా పరికరాలను వెనక్కి పిలిపించారు. తయారీ ప్రక్రియలో వచ్చిన మార్పే కారణం. అమెరికాలో మందులను, వైద్య పరికరాలను నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ దాన్ని అత్యంత తీవ్రమైన మొదటి తరగతి రీకాల్‌గా ప్రకటించింది. సర్జన్ నేర్పులో లోపం లేదు. ఆయన మీట చివరిదాకా నొక్కాడు, లోపల చివరిదాకా వెళ్లలేదు.

చేయి సంగతి దగ్గరకే వద్దాం, ఎందుకంటే స్ట్రోక్ చర్చలో ఎవరూ పెద్దగా పట్టించుకోనిది అదే. 2004లో ప్రచురితమైన ఒక సర్వేలో చిన్న రంధ్రాల గుండా ఆపరేషను చేసే 726 మంది లాప్రోస్కోపిక్ సర్జన్లను అడిగితే, ఆరున్నర లేదా అంతకన్నా చిన్న సైజు గ్లోవ్ వేసుకునేవాళ్లకు స్టేప్లర్లు వాడటం మిగతావాళ్ల కన్నా కష్టంగా ఉందని తేలింది. ఆ సైజు ఎక్కువగా ఎవరిదో వేరే చెప్పాలా? మీటను పూర్తిగా విప్పినప్పుడు వేళ్లు దాన్ని అందుకోవాలి, అందుకున్నాక అరచేతి దాకా లాగాలి. పెద్ద మగచేతిని దృష్టిలో పెట్టుకుని గీసిన దూరం అది. ఆపరేషను మధ్యలో రెండు చేతులతో పట్టుకుని నొక్కుతున్న ఆడ సర్జన్‌ను చూసి పక్కవాళ్లు నవ్వడం కొత్త సంగతేమీ కాదు. రెండు చేతులూ పిడి మీదే ఉంటే పరికరం కొస కదిలిపోతుంది. కొస కదిలితే పిన్నుల మధ్య పేగు సాగుతుంది. అసౌకర్యంగా మొదలైనది రోగి భద్రత దాకా వెళ్తుంది.

దీనికి మీట స్ట్రోక్‌ను తగ్గించడం ఒక దారి. అయితే భౌతికశాస్త్రం ఉచితంగా ఏదీ ఇవ్వదు. బోరింగు పంపు పిడి పొట్టిగా చేస్తే ఎక్కువ బలం పెట్టాలి, లేదా ఎక్కువసార్లు కొట్టాలి. 60 మిల్లీమీటర్ల పొడవున్న కార్ట్రిడ్జ్‌కు చేత్తో నొక్కే పరికరాల్లో ఇప్పటికే మూడు నాలుగు సార్లు మీట నొక్కాలి. స్ట్రోక్ తగ్గిస్తే అది ఐదారు అవుతుంది. నాకైతే అది సమ్మతమే. ఎన్నిసార్లయినా తేలిగ్గా, కొస కదలకుండా నొక్కగలగడమే మేలు. పెద్ద చేయి ఉన్నవాళ్లు మూడు నొక్కుల్లో ముగించుకుంటారు. ఈ ఎంపిక ఇవ్వడానికి మోటారు, సెన్సరు ఏవీ అక్కర్లేదు, పిడిలో పళ్ల చక్రం దగ్గర చిన్న మార్పు చాలు. మన వైద్య కళాశాలల్లో సర్జరీ పీజీకి వచ్చే అమ్మాయిలు మునుపటి కన్నా పెరిగారు. కొనుగోలు కమిటీలు టెండరులో పిడి కొలత గురించి ఒక్క వాక్యం రాస్తే తయారీదారులు వింటారు.

కంపెనీలు మాత్రం మోటారు దారినే పట్టాయి. బ్యాటరీతో నడిచే స్టేప్లర్‌లో సర్జన్ బొత్తాం నొక్కితే చాలు. పెట్టిన కార్ట్రిడ్జ్ 30 మిల్లీమీటర్లదా, 45దా, 60దా గుర్తించి కడ్డీ అంత దూరమే వెళ్లేలా చేయగలుగుతున్నారు. కణజాలం గట్టిగా ఎదురు తిరిగితే మోటారు నెమ్మదిస్తుంది. రోబో సర్జరీ స్టేప్లర్ అయితే పిన్నులు కొట్టేటప్పుడు సెకనుకు వెయ్యికి పైగా కొలతలు తీసుకుంటుందని దాని తయారీదారు ఇంట్యుటివ్ చెప్పుకుంటోంది. చేతి అలసట పోతుంది, కొస నిలకడగా ఉంటుంది, నిజమే. కానీ చేత్తో నొక్కినప్పుడు అరచేతికి తెలిసే ఎదురు బలం కూడా పోతుంది. ఎంత దూరం, ఎంత వేగం అన్న నిర్ణయం సాఫ్ట్‌వేర్ రాసిన ఇంజినీరు దగ్గరకు వెళ్తుంది. అతుకు లీకైన రోజున రోగి కుటుంబం ముందు నిలబడేది ఆ ఇంజినీరు కాదు.

ఆ నిర్ణయం పరికరానిదైనప్పుడు పరికరం తప్పుల లెక్క బయట ఉండాలి. అక్కడ ఈ పరిశ్రమ చరిత్ర బాగా లేదు. 2011 జనవరి నుంచి 2018 మార్చి దాకా స్టేప్లర్లు, పిన్నుల మీద తమకు 41 వేలకు పైగా ఫిర్యాదు నివేదికలు వచ్చాయని, అందులో 366 మరణాలు, 9 వేలకు పైగా తీవ్ర గాయాలు ఉన్నాయని ఎఫ్‌డీఏ 2019 మార్చిలో ఒప్పుకుంది. ప్రతి నివేదికా పరికరం తప్పేనని చెప్పలేం. కానీ అప్పటిదాకా చాలా నివేదికలు జనానికి కనిపించని వేరే దారిలో చేరేవి. రీకాల్‌లో మొదటి తరగతి అంటే అత్యంత తీవ్రం, పరికరాల్లో మాత్రం అతి తక్కువ ప్రమాదం; అన్నేళ్లూ శరీరం లోపల వాడే స్టేప్లర్ ఆ మొదటి తరగతి పరికరాల జాబితాలోనే ఉంది. దాన్ని రెండో తరగతికి మార్చింది 2021 అక్టోబరులో.

మన దగ్గరకొస్తే, 2017 వైద్య పరికరాల నిబంధనలు, ఆ తర్వాత దశలవారీగా వచ్చిన లైసెన్సు విధానం ఉన్నాయి. పరికరాల వల్ల జరిగే హానిని నమోదు చేయడానికి 2015లోనే మెటీరియో విజిలెన్స్ కార్యక్రమం మొదలైంది. గుజరాత్‌లోని మెరిల్ వంటి దేశీయ కంపెనీలు స్టేప్లర్లు చేస్తున్నాయి. విశాఖపట్నంలో మెడ్‌టెక్ జోన్, సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాల పార్కు ఉన్నాయి. సర్దుబాటు పిడి లాంటి మరీ ఖరీదు కాని మార్పు చేయడానికి ఇంతకన్నా అనువైన చోటు ఎక్కడుంది?

అయితే ఒకే రోగికి వాడి పారేయమని రాసి ఉన్న పిడిని కడిగి, మళ్లీ స్టెరిలైజ్ చేసి, కొత్త కార్ట్రిడ్జ్ పెట్టి మరొకరికి వాడటం మన దేశంలో తెలియనిది కాదు. ఖర్చు తగ్గించే ఉద్దేశాన్ని నేను తేలిగ్గా తీసిపారేయను. కానీ లోపలి పళ్లు అరిగిన పిడిలో మీట చివరిదాకా వెళ్లినా కడ్డీ వెళ్లకపోవచ్చు. కొలత మార్చుకునే పరికరంలో కదిలే భాగాలు ఇంకా ఎక్కువ కాబట్టి ఆ ప్రమాదమూ ఎక్కువే. ఎన్నిసార్లు పిన్నులు కొట్టారో లెక్కపెట్టి, పరిమితి దాటితే తనంతట తానే తాళం వేసుకునే ఏర్పాటు ఉంటేనే అలాంటి పరికరాన్ని మన ఆసుపత్రుల్లోకి రానివ్వాలి.

మా కుటుంబంలో ఒకరికి పెద్దపేగు ఆపరేషను జరిగినప్పుడు బిల్లులో 'స్టేప్లర్ 1, కార్ట్రిడ్జ్ 3' అని మాత్రమే ఉంది. ఏ కంపెనీ, ఏ రంగు, ఏ బ్యాచ్ అని అడిగితే కౌంటరులో అబ్బాయి వింతగా చూశాడు. డిశ్చార్జి కాగితంలో ఒక్క ముక్క లేదు. 2017లో గుండె స్టెంట్ల ధరకు కేంద్రం పరిమితి పెట్టినప్పుడు బ్రాండు పేరు, బ్యాచ్ నంబరు బిల్లులో విడిగా రాయాలని కూడా ఆదేశించింది. స్టెంట్లు ఒకటో రెండో ఉంటాయి, టైటానియం పిన్నులు పదుల సంఖ్యలో ఒంట్లోనే ఉండిపోతాయి. రేపు ఏదో ఒక బ్యాచ్‌ను వెనక్కి పిలిస్తే మా ఇంట్లో మనిషికి వేసినవి అందులోవో కావో చెప్పగలిగే కాగితం ఎవరి దగ్గరా లేదు. కార్ట్రిడ్జ్ డబ్బా మీద అంటించి ఉండే స్టిక్కరును తీసి డిశ్చార్జి కాగితానికి అంటించడానికి పది సెకన్లు పడుతుంది.