థ్రెడ్డు పట్టింది కదాని మోటారు పట్టినట్టు కాదు

మొన్న రాత్రి పదకొండింటికి ఒక తమ్ముడు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు. డల్లాస్‌లో ఉద్యోగం, సరదాకి సొంతంగా రాకెట్లు ఎగరేసే పిచ్చి కొత్తగా పట్టింది. "అన్నా, సెకండ్‌హ్యాండ్‌లో 38 మిల్లీమీటర్ల రాకెట్ మోటారు కేసు దొరికింది. కేసు ఒక కంపెనీది, ముందు మూత, అదే క్లోజర్, ఇంకో కంపెనీది, వెనక క్లోజర్ మీద పేరు అరిగిపోయింది. మర థ్రెడ్డు మాత్రం బ్రహ్మాండంగా పట్టింది. శనివారం ఎగరేసేయనా?"

నేను చూసేసరికే గ్రూపులో రెండు జవాబులున్నాయి. ఒకాయన "అన్నీ అల్యూమినియమేగా, లాగించెయ్" అన్నాడు. ఇంకొకాయన "వేరే కంపెనీ సామాను ముట్టుకోకు, అంతా పారేసి ఒకే బ్రాండు కొత్తది కొను" అన్నాడు. రెండోది జాగ్రత్తపరుడి మాటలా వినిపిస్తుంది కాబట్టి దానికే లైకులు ఎక్కువ పడ్డాయి. నా మటుకు నాకు ఇద్దరూ చేసిన తప్పు ఒకటే. ఇద్దరూ బ్రాండు పేరు దగ్గరే ఆగిపోయారు. ఏ రీలోడ్ ఏ హార్డ్‌వేర్‌లో పరీక్షకు నిలబడిందో చెప్పే కాగితం ఒకటుంది, దాని ఊసు ఎవరూ ఎత్తలేదు.

తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో: అమెరికాలో హై పవర్ రాకెట్లు ఎగరేసేవాళ్లలో చాలామంది వాడేది రీలోడబుల్ మోటారు. కేసు అనే అల్యూమినియం గొట్టం, దానికి ముందూ వెనకా క్లోజర్లనే రెండు మూతలు, ఇవి మన దగ్గరే ఉంటాయి. ఎగరేసిన ప్రతిసారీ కొనేది రీలోడ్ కిట్టు. అందులో గ్రెయిన్లనే ఇంధనం ముక్కలు, వాటి చుట్టూ వేడి ఆపే గొట్టం లైనర్, వాయువు బయటికి దూసుకుపోయే నాజిల్, సందులు మూసే ఓ-రింగులు, పారాచూట్ ఎప్పుడు బయటపడాలో లెక్కపెట్టే డిలే ముక్క ఉంటాయి. ఇంధనం అమ్మోనియం పెర్‌క్లోరేట్, రబ్బరులాంటి బైండర్. మాది సూళ్లూరుపేట దగ్గర పల్లె. చిన్నప్పుడు మిద్దెక్కి చూసిన పీఎస్‌ఎల్‌వీ మొదటి దశలోనూ ఈ జాతి ఇంధనమే, దాదాపు 139 టన్నులు. నా మోటారులో పట్టేది గుప్పెడు. కొలత మారినా ఒత్తిడి, మంట, ఓ-రింగు, ఈ మూడింటి తగవు మాత్రం అక్కడా ఇక్కడా ఒకటే.

38 అన్నది బయటి వ్యాసం. అంతకుమించి ఆ అంకె ఏమీ చెప్పదు. రాకెట్ లోపల మోటారు కూర్చునే మౌంట్ ట్యూబులో దూరుతుందా లేదా అన్నదే దాని పని. ఏరోటెక్ కంపెనీ కేసుకి రెండు వైపులా మర బిగించే మూతలు. లోకీ వాళ్లది మర లేకుండా మూతని పట్టి ఉంచే స్నాప్ రింగుల పద్ధతి. సెసరోనీ వాళ్లు గ్రెయిన్లని లైనర్‌లో ముందే అమర్చి పంపుతారు. ముగ్గురివీ 38 మిల్లీమీటర్ల మోటార్లే, ముగ్గురివీ మూడు వేర్వేరు బుర్రల్లో పుట్టినవి. మా అమ్మని అడిగితే ఇంకా తేలిగ్గా చెప్పేస్తుంది. లోపలి నుంచి మూత బిగుసుకునే కుక్కర్ గాస్కెట్టు తీసి, పైనుంచి మూత తిప్పే కుక్కర్‌కి వేస్తావా? రెండూ అయిదు లీటర్లవే కదా అంటే నవ్వుతుంది.

అలాగని కలపడమే పాపం అంటే ఒప్పుకోను. డాక్టర్ రాకెట్, ఆ తర్వాత రౌస్-టెక్, ఇద్దరూ ఏరోటెక్ డిజైనుకి లైసెన్సు మీద హార్డ్‌వేర్ తయారుచేసినవాళ్లే. వాళ్ల కేసులో ఏరోటెక్ రీలోడ్ వేస్తే చూడ్డానికి రెండు బ్రాండ్లు, లోపల డిజైను ఒకటే. 2001లో లాస్ వేగస్‌లోని ఏరోటెక్ ప్లాంటు అగ్నిప్రమాదంలో దెబ్బతిన్నప్పుడు రీలోడ్లకి కటకట వచ్చింది. అప్పుడు చేతికి దొరికిందల్లా కొని దాచుకున్న పాతకాపుల డ్రాయర్లలో ఇప్పటికీ మూడు నాలుగు పేర్లు కలిసే ఉంటాయి. ఆ సామానే ఇవాళ సెకండ్‌హ్యాండ్‌లో మన చేతికొస్తోంది. "పారేసెయ్" అని సలహా ఇచ్చే పెద్దమనిషి కొత్త కేసు డబ్బులు తను ఇవ్వడుగా!

ఇంకో ఉదాహరణ. పొడుగు కేసులో పొట్టి రీలోడ్ వేసుకోవడానికి ఏరోటెక్ వాళ్లే ఖాళీ నింపే స్పేసర్లు, కేసు లోపలికి జరిగే మూత కలిపి అడాప్టర్ అమ్ముతారు. అది కొని వాడితే సక్రమం. అదే పని మనం గ్యారేజీలో గొట్టం ముక్క కోసి చేస్తే అక్రమం. అల్యూమినియంకి రెండింటికీ తేడా తెలియకపోవచ్చు. కానీ మొదటిది ఎవరో టెస్ట్ స్టాండు మీద కాల్చి చూసినది, రెండోదాన్ని కాల్చి చూసే మొదటి మనిషివి నువ్వే. అదీ చుట్టూ జనం ఉన్న మైదానంలో.

అసలు సంగతి ఇది. ఇక్కడ ఎన్ఏఆర్, ట్రిపోలీ అనే రాకెట్ సంఘాలు, కెనడా వాళ్ల సంఘం, ఈ మూడూ మోటార్లని పరీక్షించి ధ్రువీకరిస్తాయి, కలిపి ఒక జాబితా పెడతాయి. ధ్రువీకరణ రీలోడ్‌కి ఒక్కదానికే కాదు, కేసుకి ఒక్కదానికే కాదు. ఈ రీలోడ్ ఈ హార్డ్‌వేర్‌లో, తయారీదారు సూచనల ప్రకారం కట్టినప్పుడు మాత్రమే అది మోటారు. ఈ సంఘాల సేఫ్టీ కోడ్ కూడా ధ్రువీకరించిన మోటార్లే వాడు, వాటిని కెలకకు అంటుంది. జాబితాలో ఉన్న జత అయితే మూడు బ్రాండ్లు కలిసినా నాకు అభ్యంతరం లేదు. లేని జత అయితే రెండూ ఒకే కంపెనీవైనా ఎగరేయను.

కెలికితే ఏమవుతుందో చూడండి. నాజిల్ గొంతు వ్యాసం పది శాతం తగ్గిందనుకుందాం. వైశాల్యం 19 శాతం పడిపోతుంది. మండే ఉపరితలం మాత్రం అంతే ఉంది. వాయువు బయటికి పోయే దారి ఇరుకైంది కాబట్టి లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి పెరిగితే ఈ ఇంధనం ఇంకా వేగంగా మండుతుంది, దాంతో ఒత్తిడి మళ్లీ పెరుగుతుంది. చివరికి లెక్క తేలేది ఆ 19 శాతానికి చాలా పైన. లైనర్ కొంచెం పొట్టిదైందనుకోండి, మూత పూర్తిగా బిగించినా ఓ-రింగు నలగదు. ఆ సందులోంచి మంట ఒక్కసారి దారి చేసుకుందా, 660 డిగ్రీలకే కరిగే అల్యూమినియం ఎంతసేపు ఆగుతుంది? థ్రెడ్డు మాత్రం ఈ రెండు సందర్భాల్లోనూ శుభ్రంగా పట్టే ఉంటుంది.

ఇదంతా పుస్తకం చదివి చెప్పట్లేదు. నా లెవెల్ 1 ఫ్లైట్ రోజు, అంటే హై పవర్ రాకెట్లకి మొదటి అర్హత పరీక్ష రోజు, హెచ్ తరగతి మోటారు, మైదానంలో మడతకుర్చీ మీద కూర్చుని కడుతున్నాను. గ్రీజు చేతులు. డిలే ముక్కకి వేసే సన్న ఓ-రింగు జారి గడ్డిలో పడింది. పది నిమిషాలు మోకాళ్ల మీద వెతికాను. దొరకలేదు. పెట్టెలో వేరే బ్రాండు కిట్టులో మిగిలినది ఒకటుంది. పక్కపక్కన పెట్టి పోల్చుకోవడానికి అసలుది లేదాయె. వేసి చూశాను, "పట్టింది". చెకింగ్ టేబుల్ దగ్గర సేఫ్టీ ఆఫీసరు, తెల్లగడ్డం తాత, "అన్నీ కిట్టులోవేనా?" అని మామూలుగా అడిగాడు. అవునన్నాను. ఆ ఒక్క "అవును" ఇప్పటికీ గొంతులో అడ్డం పడుతుంది.

పైకి లేచింది. మోటారు ఇంకా మండుతుండగానే టప్‌మని శబ్దం. వేడి గ్యాసు ఆ రింగు పక్కనుంచి దూరి, ఆకాశంలో పై అంచుకి చేరాక పేలి పారాచూట్‌ని బయటికి తొయ్యాల్సిన మందుని అప్పుడే పేల్చేసింది. అంత వేగంలో పారాచూట్ విచ్చుకుంటే ఏమవుతుంది, దాని తాడు బాడీ ట్యూబుని జానెడు పొడుగు చీల్చేసింది. జిప్పర్ అంటాం మేం. ముక్కలు జనానికి దూరంగా మొక్కజొన్న చేలో పడ్డాయి. సర్టిఫికేషన్ పోయింది. మా ఆవిడ వీడియో తీస్తూ "ఇంత తొందరగా పారాచూట్ వస్తుందా?" అంది పాపం, మెచ్చుకోలుగా. 1986లో చాలెంజర్ స్పేస్ షటిల్ బూస్టర్ జాయింట్‌లో చలికి బిగుసుకుపోయిన ఓ-రింగు కథ నాకు కంఠతా వచ్చు. వచ్చి ఏం లాభం, గడ్డిలో వెతుకుతున్నప్పుడు ఒక్క ముక్కా గుర్తుకు రాలేదు.

కంపెనీలనీ వదిలిపెట్టను. క్లోజర్ మీద లోతుగా, పదిసార్లు తోమినా పోకుండా, ఏ సిస్టమ్‌కి చెందిందో చెక్కడానికి ఏం రోగం? తప్పనిసరిగా చదవాల్సిన సూచనల కాగితం చీమతలకాయంత అక్షరాల్లో ఎందుకు? నలభై దాటిన కళ్లు చదివేది కదబ్బా అది, మైదానం ఎండలో.

"నాకు ప్రయోగాలే ఇష్టం, జాబితాలు వద్దు" అనేవాళ్లకీ దారుంది. తర్వాతి అర్హత లెవెల్ 2 తెచ్చుకుని ట్రిపోలీ రీసెర్చ్ లాంచ్‌లకి పోండి. అక్కడ సొంతంగా తయారుచేసినవీ ఎగరేస్తారు, దానికి వేరే నియమాలు, జనం వేరే దూరంలో నిలబడతారు. పిల్లలు, తాతలు, కుక్కపిల్లలతో వచ్చే మామూలు శనివారం లాంచ్‌ని మాత్రం మీ ప్రయోగశాల చెయ్యకండి.

తమ్ముడూ, నీ ప్రశ్నకి జవాబు. ఈ శనివారం వద్దు. అలాగని పారేయకు కూడా. మూడు ముక్కలూ శుభ్రంగా తుడిచి, చెక్కిన అక్షరాలు కనిపించేలా ఫోటోలు తియ్యి, ఫ్లాష్ వెయ్యకు, పక్కనుంచి టార్చి పట్టు. కేసు పొడుగు, లోపలి వ్యాసం కాలిపర్‌తో కొలిచి పంపు. నువ్వు కొన్న రీలోడ్ పేరు కూడా. జాబితా పక్కన పెట్టుకుని ఇద్దరం ఆదివారం కూర్చుందాం. పేరు అరిగిన ఆ వెనక క్లోజర్ ఎవరిదో తేలకపోతే, అదొక్కటే కొత్తది కొందువు. పాతది నాకిచ్చెయ్, నా బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా బరువు పెట్టడానికి.