హైస్‌మన్ ట్రోఫీ షెడ్యూల్ వేసినాయనకే ఇవ్వాలి

ముందే చెబుతున్నాను, ఇది పూర్తి నిష్పక్షపాతంగా రాసిన వ్యాసం. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో కాపురముంటున్న తెలుగువాణ్ణి కాబట్టి ఇక్కడి యూనివర్సిటీ జట్టు ఒహాయో స్టేట్ అభిమానినే. అయినా న్యాయం దగ్గర తన, పర అని చూసే మనిషిని కాను. అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో ఏటా ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ గురించి కొందరు, జట్లు వేసుకునే షెడ్యూళ్ళ గురించి మరికొందరు విడివిడిగా గొంతు చించుకుంటున్నారు. నిజానికి రెండూ ఒకటే గొడవ. డిసెంబర్‌లో న్యూయార్క్‌లో ఇచ్చే ఆ బహుమతి, కొన్నేళ్ళ ముందే ఏదో యూనివర్సిటీ క్రీడా విభాగంలో ఒకాయన కాంట్రాక్టు మీద సంతకం పెట్టినప్పుడే సగం ఖాయమైపోతుంది. కాబట్టి ట్రోఫీ ఆయన చేతికే ఇవ్వాలని నా ప్రతిపాదన.

తెలియనివాళ్ళ కోసం పద్ధతి చెబుతాను. పెద్ద యూనివర్సిటీ ఒక చిన్న యూనివర్సిటీని తన మైదానానికి పిలుస్తుంది, లక్షల డాలర్లిస్తుంది, చితక్కొట్టి పంపిస్తుంది. వీటిని ఇక్కడివాళ్ళు ముద్దుగా కప్‌కేక్ గేమ్‌లంటారు. ఆ చెక్కు చిన్నవాళ్ళ ఖర్చులకి పనికొస్తుంది, ఆ గెలుపు పెద్దవాళ్ళ లెక్కలోకి వస్తుంది. అందరూ సెప్టెంబర్‌లోనే ఈ ముచ్చట తీర్చుకుంటారు. ఎస్‌ఈసీ అనే దక్షిణాది లీగ్ జట్లు మాత్రం నవంబర్‌లో కూడా ఒక విడత పెట్టుకుంటాయి, అసలు ప్రత్యర్థితో పోరుకి సరిగ్గా వారం ముందు. పదో తరగతి పబ్లిక్ పరీక్షకి ముందు రోజు ఎల్‌కేజీ పేపర్ రాసి, నూటికి నూరొచ్చాయని ఊరంతా మిఠాయిలు పంచినట్టుంటుంది ఆ సంబరం.

2023 నవంబర్ 18నే తీసుకోండి. ఎస్‌ఈసీ జట్టు అలబామా 66-10తో చట్టనూగా అనే చిన్న జట్టుని ఓడించింది. అదే రోజు మరో ఎస్‌ఈసీ జట్టు ఎల్‌ఎస్‌యూలో బంతి విసిరి ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ జేడెన్ డేనియల్స్, జార్జియా స్టేట్ మీద ఎనిమిది టచ్‌డౌన్లు (బంతిని గీత దాటించి కొట్టే స్కోర్లు) లాగాడు, ఆరు విసిరి, రెండు తానే పరిగెత్తి. నెల తిరక్కుండా హైస్‌మన్ ఇంటికొచ్చింది. కుర్రాడు గొప్పవాడే, కాదనను. అంతకు వారం ముందు ఫ్లోరిడా మీద ఒక్కడే 606 గజాలు సంపాదించాడు. కానీ మా ఒహాయో స్టేట్ ఆటగాడు మార్విన్ హారిసన్ జూనియర్ ఆ ఓటింగులో నాలుగో స్థానంలో మిగిలిపోయాడే! ఆ శనివారం మావాళ్ళు మిన్నెసోటా లాంటి, మా సొంత లీగ్ బిగ్ టెన్ జట్టుతో ఆడాల్సొచ్చింది మరి. మేం 37-3తో గెలిచామన్నది ఇక్కడ అప్రస్తుతం.

ఇందులో కొత్తేమీ లేదని చరిత్రే చెబుతోంది. ట్రోఫీ మీదున్న పేరు జాన్ హైస్‌మన్‌ది. 1916లో ఆయన అట్లాంటాలో జార్జియా టెక్ కోచ్. కంబర్లాండ్ అనే చిన్న కాలేజీ అప్పటికే తన ఫుట్‌బాల్ జట్టుని ఎత్తేసింది. మేం రాలేం బాబూ అంటే, రాకపోతే 3,000 డాలర్లు కట్టండని కాంట్రాక్టు చూపించారు. పాపం, దొరికిన కుర్రాళ్ళని పోగేసి రైలెక్కించారు. సగం ఆట అయ్యేసరికి 126-0. విరామంలో హైస్‌మన్ తన కుర్రాళ్ళతో, అవతలివాళ్ళు ఏం దాచి ఉంచారో తెలీదు, ఏమరుపాటు వద్దు అన్నాడని చెప్పుకుంటారు. చివరికి 222-0. ఇంతటి మహానుభావుడి పేరున్న బహుమతిని షెడ్యూల్ వేసినాయనకి కాక ఇంకెవరికిస్తాం?

మరి మీ ఒహాయో స్టేట్ సంగతేమిటని అడుగుతారు. అడగండి, దాచేదేమీ లేదు. 2024లో మొదటి మూడు ఆటలూ ఆక్రన్ మీద 52-6, వెస్టర్న్ మిషిగన్ మీద 56-0, మార్షల్ మీద 49-14. 2025లో గ్రాంబ్లింగ్ మీద 70-0. ఇవి కప్‌కేక్‌లు కావు. ఆక్రన్ మన రాష్ట్రం పిల్లలే, అది బంధుత్వం. గ్రాంబ్లింగ్ బ్యాండుకి దేశమంతా పేరుంది, అది సాంస్కృతిక కార్యక్రమం. అదే 2024లో ఇండియానా చూడండి, వెస్టర్న్ ఇల్లినాయ్ మీద 77-3! సిగ్గుండాలి. నా లెక్కలో 70 వరకూ మర్యాద, ఆ పైన అమానుషం.

ఒక్కోసారి కప్‌కేక్ ఎదురు తిరుగుతుంది. 2024 సెప్టెంబర్‌లో నార్దర్న్ ఇల్లినాయ్, నోటర్‌డామ్ దగ్గర 14 లక్షల డాలర్లు పుచ్చుకుని, వాళ్ళ గడ్డ మీదే 16-14తో వాళ్ళని ఓడించి ఇంటికెళ్ళింది. 2007 సెప్టెంబర్ 1న మా బద్ధశత్రువు మిషిగన్ 4 లక్షల డాలర్లిచ్చి అపలాచియన్ స్టేట్‌ని పిలిపించుకుంది. 34-32తో ఓడిపోయింది. అప్పటికి మిషిగన్ దేశంలో ఐదో ర్యాంకు జట్టు. చివరి క్షణాల్లో మిషిగన్ ఫీల్డ్‌గోల్ (బంతిని తన్ని కొట్టే స్కోరు) కొట్టబోతే అవతలివాళ్ళు అడ్డుకున్నారు. తేదీతో సహా నాకిదంతా గుర్తుండటం యాదృచ్ఛికం.

ఇక ఓటర్లు. పత్రికలవాళ్ళు 870 మంది, వాళ్ళతోపాటు బతికున్న పాత విజేతలు. దేశంలోని అభిమానులందరికీ కలిపి ఒక్కటంటే ఒక్క ఓటు. ప్రజాస్వామ్యం అంటే ఇదీ! వీళ్ళకి షెడ్యూల్ ఎప్పుడు గుర్తొస్తుందో తెలుసా? 2024లో బోయిసీ స్టేట్‌కి చెందిన ఆష్టన్ జెంటీ ఆ ఒక్క సీజన్‌లో బంతితో 2,601 గజాలు పరిగెత్తాడు. 1988 నాటి బారీ శాండర్స్ రికార్డుకి 27 గజాలే తక్కువ. అబ్బే, ఆడింది ఎవరి మీద అని పెదవి విరిచారు. అదే కుర్రాడు ఆరిగన్ లాంటి పెద్ద జట్టు మీద 192 గజాలు పరిగెత్తినా ఆ మాట ఎవరికీ చెవికెక్కలేదు. ట్రోఫీ కొలరాడోకి చెందిన ట్రావిస్ హంటర్‌కి వెళ్ళింది. దాడిలోనూ, అడ్డుకునే డిఫెన్స్‌లోనూ రెండు పక్కలా ఆడే మనిషి, అర్హుడే. కానీ పెద్ద యూనివర్సిటీ క్వార్టర్‌బ్యాక్ చిన్నవాళ్ళని చితక్కొడితే ప్రతిభ, చిన్న యూనివర్సిటీవాడు చిన్నవాళ్ళని చితక్కొడితే బలహీన షెడ్యూలా?

డిఫెన్స్‌వాళ్ళ గోడు అసలు వినేవాడే లేడు. హంటర్ కంటే ముందు ప్రధానంగా డిఫెన్స్ ఆడి ట్రోఫీ గెలిచింది 1997లో చార్లెస్ వుడ్‌సన్ ఒక్కడే. మా ఒహాయోలోనే పుట్టి, వెళ్ళి మిషిగన్‌కి ఆడాడు. కాబట్టి ఆ ఏడాది ఎంపికపై నా అభిప్రాయం ఇక్కడ రాయను. కాళ్ళ మధ్యనుంచి బంతి వెనక్కి విసిరే లాంగ్ స్నాపర్‌కి కూడా ఈమధ్య ఒక అవార్డు పెట్టారు. గెలుచుకున్నవాళ్ళకి నమస్కారం. పేర్లు అడక్కండి.

షెడ్యూలర్‌కే హైస్‌మన్ అన్న నా ప్రతిపాదనతో పాటు చిన్న సవరణ ఒకటుంది. 2021 నుంచి 2024 దాకా వరసగా నాలుగేళ్ళు, నవంబర్ ఆఖరి శనివారం మిషిగన్ చేతిలో ఓడిపోయాం. ఆ నాలుగోసారి మా ఇంట్లోనే, 13-10తో. తర్వాత అదే మా జట్టు నోటర్‌డామ్‌ని 34-23తో ఓడించి దేశానికే ఛాంపియన్ అయింది, అంటే లోపం జట్టులో లేదు, క్యాలెండర్‌లో ఉంది. కష్టమైన షెడ్యూల్ మీద నాకు సూత్రప్రాయంగా ఏ అభ్యంతరమూ లేదు. ఆ ఒక్క శనివారం మాత్రం ఆక్రన్‌ని పిలుచుకుంటే పోలా? కారులో రెండు గంటలే.