టికెట్టు వాన్ గోదే, బొమ్మే లేదు

ఇమ్మర్సివ్ ఎగ్జిబిషన్ అంటే ఏంటో ఇప్పటికి బాగా తెలిసొచ్చింది. ఓ పెద్ద హాలు, నల్ల కర్టెన్లు, పైన వరసగా ప్రొజెక్టర్లు, చెవులు హోరెత్తించే సంగీతం. డచ్ చిత్రకారుడు వాన్ గో పేరు చెప్పి సినిమా టికెట్టుకి నాలుగింతలు గుంజుతారు. లోపల ఆయన చేత్తో వేసిన బొమ్మ ఒక్కటీ ఉండదు.

1889లో ఆయన వేసిన ‘స్టారీ నైట్’ వెడల్పు మీటరు కూడా నిండదు. దాన్ని సాగదీసి గోడంతా పరిచారు. దగ్గరికెళ్తే అన్నీ పిక్సెళ్లే. ఆయనేమో రంగుని మందంగా మెత్తి, గీతగీతకీ చిన్న గట్టు కట్టినట్టు వేసేవాడు. పక్కనుంచి లైటు పడితే ఆ గట్లకి నీడ కూడా ఉంటుంది. ప్రొజెక్టరు వెలుగులో అదంతా చదునైపోయి, బొమ్మలోని సైప్రస్ చెట్టు మీద రీల్స్ తీసుకునేవాళ్ల తలల నీడలు మిగిలాయి. గోధుమచేను బొమ్మలోని కాకుల్ని మాత్రం యానిమేషన్‌లో హాలంతా ఎగరేశారు. కదలని కాకుల్ని ఎగురుతున్నట్టు చూపించడమే కదండీ ఆయన పనితనం!

ఎప్పుడు చూసినా వాన్ గో, మోనే, క్లిమ్ట్. కాపీరైటు తీరిపోయింది కాబట్టి వారసులకి పైసా ఇవ్వక్కర్లేదు మరి. ఆ లెక్కన 1906లో పోయిన మన రవివర్మా పనికొస్తాడు. వద్దులెండి, ఐడియా ఇచ్చినట్టవుతుంది. దమయంతి పక్కన హంసకి రెక్కలాడించి, డీజే పెడతారు.

బయటికి దారి షాపులోంచే. పొద్దుతిరుగుడు పూల సాక్సులట, జత ఎనిమిది వందలు.