అన్నీ కలిపి అడుగుకి అరవై

తెలుగులో అతి పెద్ద సంఖ్య ఏదని ఎవరైనా అడిగితే కోటి అనో, మహాశంఖం అనో చెప్పకండి. "అన్నీ కలిపి" అని చెప్పండి. ఇంటి ముందు గోడకి ఎలివేషన్ రాయి అతికించడానికి లేబర్ ఎంతవుతుందని అడిగిన ప్రతి ఇంటాయనకీ దొరికే జవాబు ఇదే. మేస్త్రీ చెవి మీది పెన్సిల్ తీసి, ఎవరిదో పెళ్లి శుభలేఖ వెనక్కి తిప్పి, ఒక్కటంటే ఒక్క వరుస రాస్తాడు: "లేబర్ అడుగుకి 60, అన్నీ కలిపి." ఇంటాయన దాన్ని ఫోటో తీసి బావమరిదికి పంపుతాడు. "మా వైపు యాభై అయిదే బావా" అని బావమరిది. ఎస్టిమేషన్ సమాప్తం. ఇంజనీరింగ్ కాలేజీల్లో నాలుగేళ్లు ఏం చెప్తున్నారో మరి.

ఈ "అన్నీ"లో ఏమేం ఉన్నాయో మడత విప్పి చూద్దాం. మూడంతస్తుల ఇల్లు. కింద నుంచి పిట్టగోడ దాకా 33 అడుగుల ఎత్తు, 12 అడుగుల వెడల్పు పట్టీ, గోడకంటే నాలుగంగుళాలు ముందుకొచ్చి ఉంది. 396 చదరపు అడుగులు. అంతస్తుకొక కిటికీ, 4 అడుగులకి నాలుగున్నర, మూడింటికి 54 తీసేస్తే 342. రాయి మార్కాపురం పలక, అడుగు పొడవు, ఆరంగుళాల వెడల్పు ముక్కలు. ఓనమాలు దిద్దించిన రాయే, ఎక్కాలు మాత్రం నేర్పలేకపోయింది.

అంటే 684 ముక్కలు. ప్రతి ముక్క వెనకా దుమ్ము కడగాలి. గోడకీ ముక్కకీ మసాలా పట్టించాలి, దారం చూసి పెట్టాలి, తట్టాలి, నిట్టనిలువుగా ఉందో లేదో తూకం చూడాలి. ఇలాంటి సన్న పట్టీ రాయి ఒక మేస్త్రీ, ఒక హెల్పర్ కలిసి నీతిగా చేస్తే రోజుకి పాతిక అడుగులు. పధ్నాలుగు రోజులు ఇక్కడే అయ్యాయి. నున్నటి ప్లాస్టరింగ్ మీద రాయి నిలవదు కాబట్టి ముందు గోడకి గాట్లు పెట్టి కడగాలి, రెండు రోజులు. చివర్లో జాయింట్లు నింపి, మరకలు తుడిచి, సీలర్ కొట్టడం ఒక రోజు.

మూలల్ని శుభలేఖ మర్చిపోయింది. పట్టీకి రెండు పక్కలా 66 అడుగులు, కిటికీల చుట్టూ 51, మొత్తం 117 అడుగుల మూల. ప్రతి మూల దగ్గరా రెండు రాళ్లు 45 డిగ్రీల్లో కలవాలి, అంటే 234 అడుగుల కోత. పలక రాయి అంచు పొరలు పొరలుగా లేచిపోతుంది, నాలుగు కోస్తే ఒకటి పోతుంది. ఆ పనికి ఇంకో అయిదు రోజులు. లెక్కకి మేస్త్రీ కూలి 1,200, హెల్పర్‌ది 800 అనుకోండి. 22 రోజులు, 44,000 రూపాయలు, అడుగుకి 128 పైచిలుకు. ఇందులో మేస్త్రీకి లాభం లేదు, పరంజా లేదు, వర్షం పడ్డ రోజు లేదు.

అరవై చొప్పున 342 అడుగులకి వచ్చేది 20,520. దాంతో కొనగలిగేది పది రోజులు. పని 22 రోజులది. మిగతా పన్నెండు రోజులు ఎక్కణ్ణుంచి వస్తాయి?

గోడలోంచి వస్తాయి. గాట్లు పెట్టే రెండు రోజులు ముందే మాయం. గోడకి పుట్టీ, రంగు ఉంటే దాని మీదే అతికించేస్తారు. రాయి పుట్టీని గట్టిగానే పట్టుకుంటుంది, పుట్టీ గోడని పట్టుకోదు. పళ్ల తాపీతో మసాలా పరిచే ఓపిక పోయి, రాయి వెనక నాలుగు మూలలా నాలుగు, నడిమధ్య ఒకటి, పేరంటాళ్లకి పెట్టినట్టు బొట్లు పెడతారు. బొట్ల మధ్య డొల్ల. పైన పిట్టగోడకి మూతరాయి కూడా "అన్నీ"లో లేదు కాబట్టి వాన నీళ్లు ఆ డొల్లలోకి దిగి, కింద తెల్లటి ఉప్పుగా తేలతాయి. కొత్తింటికి ముందే ముగ్గేశాడని సంతోషించాలి. మూలల్లో 45 కోత మానేసి, ఒక రాయి మీదికి ఇంకో రాయి ఆనించి, సందులో రంగు సిమెంటు కుక్కుతారు.

జిగురు మసాలా లెక్క కూడా ఇలాగే తప్పుతుంది. 20 కిలోల బస్తా మూడు మిల్లీమీటర్ల మందంలో నలభై అయిదు, యాభై అడుగులకి వస్తుంది. పలక రాయి వెనక సమంగా ఉండదు, ఆరు మిల్లీమీటర్లు పడుతుంది, బస్తా సగానికే అయిపోతుంది. ఎనిమిది బస్తాలు తెచ్చి "మేస్త్రీ అమ్ముకున్నాడు" అని అనుమానించేవాళ్లు ముందు పిట్టగోడ మీంచి తూకం గుండు వదిలి చూసుకోవాలి. గోడే అంగుళం వాలి ఉంటే ఆ అంగుళం మసాలాతోనే నిండుతుంది. ఇక టైల్స్, రాళ్ల జిగురుకి మన దేశపు ప్రమాణం ఐఎస్ 15477లో అయిదు రకాలున్నాయి. మొదటి రకం ఇంటి లోపలి టైల్స్‌కి. చవకని అదే తెచ్చి ఎండకీ వానకీ నిలబడే రాతికి పూయించే ఇంటాయనలు మేస్త్రీని తిట్టే హక్కు వదులుకోవాలి.

పని అయింది. ఇప్పుడు కొలతల రోజు. దీన్ని చూడటానికి వీధి వీధంతా రావాలి. మేస్త్రీ టేపు ఒకటి, ఇంటాయన టేపు ఒకటి. మేస్త్రీ టేపు కొస పట్టుకున్న హెల్పర్ బొటనవేలు రెండంగుళాల దగ్గర ఉంటుంది. ఇంటాయన టేపు కిటికీ బయటి అంచు నుంచి కొలుస్తుంది. మేస్త్రీ మూల తిరిగి, పక్కకి వెళ్లి, మళ్లీ మూల తిరిగి, "మూల రెండు వైపులా వస్తుంది కద సార్" అంటాడు. ఇంటాయన నిచ్చెన తెప్పించి ఎగ్జాస్ట్ ఫ్యాన్ కన్నం కొలుస్తాడు. తొమ్మిదంగుళాలకి తొమ్మిది. అరవై చొప్పున అక్షరాలా ముప్పై మూడు రూపాయల డెబ్భై అయిదు పైసలు. దాని మీద అరగంట. రెండుసార్లు టీ. ప్లాస్టరింగ్ కొలతల్లో అర చదరపు మీటరు లోపు కన్నాలు మినహాయించరని, వాటి లోపలి అంచుల పని విడిగా కలపరని, కట్టడాల కొలతలకి మన దేశపు ప్రమాణం ఐఎస్ 1200 చెబుతూనే ఉంది. ఐఎస్ 1200ని టీకి పిలవలేదు.

మేస్త్రీ లెక్క 430. ఇంటాయన లెక్క, ఏసీ పైపు కన్నం, మీటర్ పెట్టె కూడా తీసేశాక, 338. పెద్దమనిషి ఒకాయన "నీదీ కాదు, ఆయనదీ కాదు" అని 380 చేస్తాడు. నిజంగా పడ్డ రాయి? ముఖం 342, పట్టీ పక్కలు 22, కిటికీ లోపలి అంచులు ఆరంగుళాల లోతున ఇరవై అయిదున్నర. మొత్తం 389న్నర. అన్ని దొంగ అంగుళాలు కలిపి కొలిచిన మేస్త్రీ చివరికి తొమ్మిదిన్నర అడుగులు పోగొట్టుకుని, గెలిచానని నవ్వుకుంటూ వెళ్తాడు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. పరంజా దగ్గర నవ్వు రాదు. ఇరవై మిల్లీమీటర్ల పలక అడుగుకి అయిదు కిలోలు. 342 అడుగులంటే 1,700 కిలోల పైన, మసాలా కాకుండా. అందులో మూడింట రెండు వంతులు మొదటి అంతస్తు దాటి పైకి వెళ్తుంది. ఎలా వెళ్తుంది? ఒక మనిషి భుజం మీద వెళ్తుంది. కొబ్బరి తాడుతో కిటికీ గ్రిల్‌కి కట్టిన వెదుర్ల మీద, రెండు పలకల వెడల్పు నడక మీద, హవాయి చెప్పులేసుకుని వెళ్తుంది. ఆ మనిషికి మనం కట్టిన కూలి 800 అనుకున్నాం కదా, అది లెక్కలో. పది రోజుల డబ్బుకి 22 రోజుల పని చేయించినప్పుడు అతని చేతికొచ్చేది ఎంతో మనం ఎప్పుడైనా అడిగామా? అతను పరుగెత్తకపోతే మేస్త్రీకి గిట్టదు. ముప్పై అడుగుల ఎత్తున, తడిసిన వెదురు మీద పరుగెత్తిస్తున్నది ఆ అరవై. ఆ యాభై అయిదు. అడుగుకి అయిదు తగ్గించానని బావమరిదికి గొప్పగా చెప్పుకున్న ఆ అయిదు.

1996లో భవన నిర్మాణ కార్మికుల కోసం చట్టమూ వచ్చింది, నిర్మాణ ఖర్చు మీద 1 శాతం సెస్సూ వచ్చింది. ప్లాన్ అనుమతి ఫీజుల్లో అదీ కట్టేశామని, ఇక ఆ మనిషి బాధ్యత కార్మికుల సంక్షేమ బోర్డుదేనని చాలామంది నిశ్చింత. బోర్డు వచ్చి గ్రిల్‌కి తాడు కట్టదు. అసలు పరంజా గ్రిల్‌కి కట్టకూడదు. గ్రిల్‌ని పట్టుకున్నవి నాలుగు స్క్రూలు. వెదురు నేల మీద గట్టి చెక్కపై నిలబడాలి, గోడలో వదిలిన కన్నాల్లోంచి అంతస్తు అంతస్తుకీ లోపలికి కట్టుకోవాలి, నడక పలకకి మోకాలెత్తున ఒకటి, నడుమెత్తున ఒకటి అడ్డకర్రలుండాలి. రాయి పైకి చేర్చడానికి పిట్టగోడ మీద కప్పీ, తాడు, తట్ట. కట్టడానికి ఇద్దరికి ఒక రోజు, విప్పడానికి ఇంకో పూట. దీనికి విడిగా రేటు అడిగిన మేస్త్రీని "అన్నీ కలిపి అన్నావుగా" అని నిలదీస్తారు.

ఆ శుభలేఖ వెనక వైపు ఒక్క వరుసే ఉంది. కింద బోలెడు చోటుంది. చదును పని అడుగుకి ఇంత, మూల పొడవు అడుగుకి ఇంత, రెండో అంతస్తు దాటితే ఇంత ఎక్కువ, పరంజా విడిగా, భుజాలకీ తొడలకీ పట్టే సేఫ్టీ బెల్టులు రెండు, వాటిని తగిలించడానికి పిట్టగోడ పిల్లర్‌కి కట్టే నైలాన్ తాడు ఒకటి, నలభై అడుగులు.